చుక్క ఆగిపోయింది: సముద్రంలో వదిలిన సీల్ పిల్ల ఏమైనట్టు?

చిత్రావతి (అనంతపురం), మార్చి 19, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రపు జంతువు గురించి అడుగుతున్నాను. తెలిసినవారు చెప్పండి.

నిరుడు అక్టోబరులో స్కాట్లాండ్‌లోని మోరే ఫర్త్ తీరాన ఒక పునరావాస కేంద్రంవారు ఆరు హార్బర్ సీల్ పిల్లలను తిరిగి సముద్రంలో వదిలారు. తల్లికి దూరమై, బక్కచిక్కి ఒడ్డున దొరికిన పిల్లలవి. వాటిలో రెండింటి మెడ వెనక ఉపగ్రహ పరికరం అతికించి, అవి తిరిగే దారిని అందరూ చూసేలా పటంలో పెట్టారు. నేను బడిలో భూగోళం చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లలకు చూపిద్దామని మొదలుపెట్టాను. అది మా ఇంట్లో అలవాటైపోయింది. మా అమ్మకు డెబ్బై ఒకటి. ఆ రెండింటిలో ఆడపిల్లకు గంగమ్మ అని పేరు పెట్టుకుంది. పొద్దున కాఫీ తాగుతూ "గంగమ్మ ఎక్కడుంది ఇవాళ?" అని అడుగుతుంది. నేను ఫోను చూపిస్తాను.

నవంబరులో గంగమ్మ ఉత్తరానికి, ఆర్క్నీ దీవుల వైపు వెళ్లింది. సంక్రాంతి నాటికి ఒక చిన్న అఖాతంలో కుదురుకుంది. వేటకు బయటికి పోవడం, రెండు మూడు రోజులకు అదే బండ దగ్గరికి తిరిగి రావడం. మార్చి 11 రాత్రి ఆ బండకు కాస్త దూరంలో నీళ్లలో చివరి చుక్క పడింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎనిమిది రోజులైంది.

చనిపోయిందనే అనుకోవాలా? అమ్మకు ఏమని చెప్పాలి?

బురుజు నీడ (కర్నూలు, ప్రస్తుతం ఆబర్డీన్), మార్చి 19, మధ్యాహ్నం 2:15

చిత్రావతి గారూ, నేను పుట్టింది కర్నూలు పాతబస్తీలో. ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను. సెలవు రోజుల్లో ఇలాంటి ఒక కేంద్రంలో సీల్ పిల్లల గదులు కడగడం, చేపలు తినిపించడం నా పని. గంగమ్మను చూసుకున్న కేంద్రం మాది కాదు, కానీ అక్కడ నాకు తెలిసినవారు ఉన్నారు.

చుక్క ఆగిందంటే సీల్ ఆగిందని కాదు. ముందు ఆ పరికరం ఎలా అంటిస్తారో చెబుతాను. ముగ్గురు కావాలి. ఒకరు పిల్ల మీద కాళ్లు అటూ ఇటూ వేసి, బరువు పడకుండా వంగి, తల మీద తడి తువ్వాలు కప్పి పట్టుకుంటారు. కళ్లకు చీకటైతే కొంత నెమ్మదిస్తుంది. మెడ వెనక బొచ్చు మీది నూనె తుడిచి బాగా ఆరబెడతారు. పరికరాన్ని ఎపాక్సీ జిగురుతో ఆ బొచ్చుకే అంటిస్తారు, చర్మానికి కాదు. జిగురు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఎక్కువ పూస్తే కింద చర్మం కాలుతుంది. నేను మొదటిసారి సాయపడినప్పుడు నాకిచ్చిన పని ఒక్కటే: ఆ అంచున వేలు పెట్టి, వేడి పెరుగుతోందేమో చెబుతూ ఉండటం. పది నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చేతికి అంటిన చేప వాసన రెండు రోజులు పోలేదు.

హార్బర్ సీల్ ఏడాదికోసారి, వేసవి చివర పాత బొచ్చు రాలుస్తుంది. ఆ బొచ్చుతో పాటు పరికరమూ ఊడిపోవాలి. అందుకే అలా అంటిస్తారు, జీవితాంతం మోయించరు. గంగమ్మకు ఆ సమయం ఇంకా రాలేదు, నిజమే. అయితే ఈ బండల మీద దొర్లే జంతువుకు యాంటెన్నా విరగడం మామూలే. జిగురు ముందే వదలవచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు. చనిపోయి ఉండవచ్చు కూడా. అది దాచి చెప్పను.

మీ దగ్గర చివరి వారం చుక్కల వివరాలు ఉన్నాయా? మౌనం కన్నా దానికి ముందు రోజులే ఎక్కువ చెబుతాయి.

గుంతకల్లు జంక్షన్ (గుంతకల్లు), మార్చి 19, రాత్రి 8:05

అమ్మా, రైల్వేలో ముప్పై నాలుగేళ్లు ఇంజను నడిపి రిటైరైనవాణ్ణి. రెండు సందేహాలు. పులికి వేసినట్టు మెడపట్టీ వేయవచ్చు కదా, జిగురు తంటా ఎందుకు? ఇంకొకటి, నీళ్లలో మునిగి ఉండే జంతువు ఎక్కడుందో ఆకాశంలోని ఉపగ్రహానికి ఎలా తెలుస్తుంది?

బురుజు నీడ, మార్చి 19, రాత్రి 11:30

మెడపట్టీ నిలవదు సార్. సీల్‌కు తల కన్నా మెడే లావు. వేసిన పట్టీ ముందుకు జారిపోతుంది. లేదంటే పెరిగే పిల్లకు బిగుసుకుపోతుంది. మన తుంగభద్ర నీటికుక్కలతోనూ ఇదే చిక్కు. వాటికి మెడా తలా దాదాపు ఒకే లావు. అందుకే నీటికుక్కల మీద పరిశోధన చేసేవారు చాలాచోట్ల శస్త్రచికిత్స చేసి పరికరాన్ని పొట్టలోపల పెడతారు. చిన్నప్పుడు మా తాత "సీల్ అంటే నీటికుక్కే" అని చెప్పేవారు. రెండూ వేరు. కాని ఈ ఒక్క విషయంలో తాత మాట నిజమైంది.

రెండో ప్రశ్నకు మీకే జవాబు తెలుసు. ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడికి ఎదురుగా వచ్చే ఇంజను కూత ఎలా వినపడుతుంది, దాటిపోయాక ఎలా వినపడుతుంది?

గుంతకల్లు జంక్షన్, మార్చి 20, ఉదయం 5:50

వచ్చేటప్పుడు సన్నగా, దాటగానే బొంగురుగా. అర్థమైందమ్మా. ఉపగ్రహం దాటిపోతూ ఉంటుంది, కింద పరికరం కూత వేస్తూ ఉంటుంది. కూత స్వరం మారిన తీరును బట్టి అది పట్టాలకు ఎంత దూరంలో ఉందో లెక్క కడతారు. అంతేనా?

బురుజు నీడ, మార్చి 20, మధ్యాహ్నం 1:10

అంతే. ఆ ఏర్పాటు పేరు ఆర్గోస్. 1978 నుంచి నడుస్తోంది. ఉపగ్రహాలు సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతుంటాయి. ఒక్కోటి తల మీదుగా పోయే పది నిమిషాల్లో కింద నుంచి కూత అందాలి. ఉప్పునీటిలోంచి రేడియో తరంగం బయటికి రాదు. అందుకని పరికరానికి తడి పొడి తెలిసే ఏర్పాటు ఉంటుంది. సీల్ ఊపిరికి తల బయట పెట్టినప్పుడే కూత వేస్తుంది. నీళ్లలో ఉన్నప్పుడు అరిస్తే బ్యాటరీ దండగ. కాబట్టి చుక్క సరిగ్గా ఆ చోటే పడిందని నమ్మకూడదు. కొన్ని చుక్కలు కిలోమీటర్ల తేడాతో పడతాయి. గంగమ్మ ఒకరోజు కొండ మీద ఉన్నట్టు కనబడితే అది దాని తప్పు కాదు.

తీరానికి దగ్గరగా తిరిగే సీళ్లకు మరో రకం కూడా వాడతారు. స్కాట్లాండ్‌లోనే సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలోని సముద్ర క్షీరదాల పరిశోధన విభాగంవారు తయారుచేసినది. అది మునకల లోతు, సమయం అన్నీ దాచుకుని, ఒడ్డుకు రాగానే మొబైల్ టవరు ద్వారా ఒక్కసారిగా పంపిస్తుంది.

చిత్రావతి, మార్చి 20, రాత్రి 9:20

చివరి వారం వివరాలు చూశాను. మార్చి 5 నుంచి 11 దాకా మూడుసార్లు బయటికి వెళ్లి వచ్చింది. ఎప్పటి దూరమే. మునకలు కూడా ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక్కరోజు మాత్రం చాలాసేపు పొడిగా ఉన్నట్టు చూపింది.

బురుజు నీడ, మార్చి 20, రాత్రి 11:55

పొడిగా ఉండటం బండ మీద పడుకోవడమే, మంచిదే. చనిపోయి కొట్టుకుపోయే సీల్ చుక్కలు వేరేగా ఉంటాయి: మునకలు ఉండవు, ప్రవాహం ఎటు పోతే అటు మెల్లగా జరుగుతాయి. ఒడ్డున పడి ఉంటే రాత్రింబవళ్లు పొడి సంకేతమే వస్తుంది. నీరసించిన పిల్ల అయితే వేట దూరం రోజురోజుకూ తగ్గుతుంది, బండ మీదే ఎక్కువసేపు పడుకుంటుంది. మీరు చెప్పినదాంట్లో ఇవేవీ లేవు. పరికరం పోయిందని నా అంచనా. అంచనా మాత్రమే.

కళ్యాణదుర్గం మెట్ట (కళ్యాణదుర్గం), మార్చి 21, మధ్యాహ్నం 12:40

తప్పుపట్టడానికి కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను. హార్బర్ సీల్ అంతరించిపోతున్న జాతి కాదని చదివాను. ఒక్కో పిల్లకు నెలల తరబడి చేపలు, మందులు, మనుషులు, పైన ఉపగ్రహం. మా దగ్గర వేరుశనగ పైరు కళ్లముందే ఎండుతుంటే ఒక్క బోరుకు అప్పు పుట్టదు. ఒక్క జంతువు కోసం ఇంత చేయడం న్యాయమా?

ఇంకో సంగతి. రెండేళ్ల కిందట మా పొలం గట్టున ఇద్దరు పిల్లలు మూడు నక్షత్ర తాబేళ్లను సంచిలో వేసుకుని పోతుంటే ఆపి, నచ్చజెప్పి, వాటిని తీసుకెళ్లి అటవీ సిబ్బందికి అప్పజెప్పాను. చిన్నది నా అరచేతిలో పట్టింది. వీపు మీద పసుపు గీతలు, ఎవరో సూదితో కుట్టినట్టు. ఎక్కడ వదిలారు, బతికాయా అని రెండుసార్లు వెళ్లి అడిగాను. "అడవిలో వదిలేశాం" అన్నారు. అంతే. అక్కడ సీల్‌కు ఉపగ్రహం, ఇక్కడ తాబేలుకు ఆ ఒక్క మాట. నన్ను బాధపెడుతున్నది అదే.

బురుజు నీడ, మార్చి 21, రాత్రి 10:45

అన్నా, మీ ప్రశ్న న్యాయమైనదే. ఇక్కడ కూడా దీని మీద వాదన ఉంది.

ప్రపంచం మొత్తం చూస్తే హార్బర్ సీళ్లకు కొదవ లేదు. కాని గంగమ్మ చేరిన ఆర్క్నీలో 2000 తర్వాత వీటి సంఖ్య దారుణంగా పడిపోయింది. కారణం ఇదీ అని ఒక్కటి తేలలేదు. 1988లో, మళ్లీ 2002లో ఒక వైరస్ వచ్చి ఐరోపా తీరాల్లో వేల మీద వేల సీళ్లు చచ్చిపోయాయి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్‌కు దగ్గరి చుట్టం ఆ వైరస్. ఆసుపత్రికి వచ్చే పిల్లల రక్తం చూస్తుంటే సముద్రంలో ఏం జరుగుతోందో ముందుగా తెలుస్తుంది. హవాయి మాంక్ సీళ్ల సంగతి ఇంకా వేరు. మొత్తం సుమారు 1,600 మిగిలాయి. అక్కడ ఒక ఆడపిల్ల బతికితే జాతి లెక్కే మారుతుంది. వాటికోసం 2014లో హవాయిలోని కోనాలో ప్రత్యేకంగా ఆసుపత్రి తెరిచారు.

వెంబడించి చూడటం దండగ అని మాత్రం నేను ఒప్పుకోను. అమెరికా, కెనడా సరిహద్దున ఉన్న సేలిష్ సముద్రంలో ఆసుపత్రిలో పెరిగిన హార్బర్ సీల్ పిల్లలకూ, తల్లి దగ్గర పెరిగిన పిల్లలకూ పరికరాలు పెట్టి పోల్చి చూశారు. ఆసుపత్రి పిల్లలు మొత్తం మీద దాదాపు రెట్టింపు దూరం తిరిగాయి. వదిలిన చోటు నుంచి మూడు రెట్లకు పైగా దూరం పోయాయి. అంటే కుదురు దొరకలేదు. హార్బర్ సీల్ పిల్ల పుట్టిన కొన్ని గంటల్లోనే తల్లి వెంట ఈదుతుంది. పాలు తాగే ఆ మూడు నాలుగు వారాల్లో తన అఖాతం ఏదో దానికి తెలుస్తుంది. మా పిల్లలకు తెలిసింది సిమెంటు తొట్టి. అందుకే అవి తిరిగి తిరిగి వెతుక్కుంటాయని నా అనుమానం. వదిలిన రోజు ఫొటోలో అన్ని పిల్లలూ ఒకేలా కనపడతాయి. పరికరం లేకపోతే ఈ తేడా ఎవరికీ తెలిసేదే కాదు.

నల్లమల దారి (కర్నూలు), మార్చి 22, ఉదయం 7:30

పశువైద్యుణ్ణి. ఒక మాట కలుపుతాను. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడ పులిపిల్లలు దొరికిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అది మొన్నటిదాకా కర్నూలు జిల్లాయే. తల్లితో కలపాలని సిబ్బంది రాత్రీ పగలూ ప్రయత్నించారు. కుదరలేదు. పిల్లలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు పంపారు. అప్పుడు ఊళ్లో అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: పెద్దయ్యాక అడవిలో వదిలితే బతుకుతాయా?

దానికి మన దేశంలోనే ఒక జవాబు ఉంది. తల్లి పోయిన ఆడపిల్లలను మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో కంచె లోపల పెంచి, 2011లో పన్నా అడవిలో వదిలారు. రేడియో మెడపట్టీ వేసి, రోజూ వెంట ఉండి చూశారు. వేటాడాయి, అక్కడి మగపులితో జతకట్టాయి, పిల్లలను పెట్టాయి. వెంట ఎవరూ లేకుండా వదిలి ఉంటే ఈరోజు నేను ఇది రాయగలిగేవాణ్ణి కాదు, ఎవరూ నమ్మేవారూ కారు.

బురుజు నీడ గారూ, మీ దగ్గర పిల్లలు మనిషికి అలవాటు పడకుండా ఏం చేస్తారు?

బురుజు నీడ, మార్చి 22, మధ్యాహ్నం 3:00

గదిలో మాట్లాడం. పేరు పెట్టి పిలవం. మొదట గొట్టంతో ద్రవాహారం, తర్వాత చేప నోట్లో పెట్టడం, తర్వాత నీళ్లలోకి విసరడం. చివరికి నాలుగైదు పిల్లలను ఒకే తొట్టిలో వేసి, చేపల కోసం పోటీపడనిస్తాం. ఆ పోటీలో వెనకబడిన పిల్లను ఇంకొన్నాళ్లు ఉంచుతాం. ముద్దు చేయాలని ఉంటుంది సార్, చాలా ఉంటుంది. చేయం.

పాలకొండ (కడప), మార్చి 23, రాత్రి 7:15

కళ్యాణదుర్గం అన్న మాట చదివి రెండు రోజులు మనసులో పెట్టుకుని రాస్తున్నాను. నేను కడప చుట్టుపక్కల మెట్టల్లో నక్షత్ర తాబేళ్ల పరిశోధనలో సహాయకుడిగా పనిచేశాను. తాబేలును వెంబడించడానికి ఉపగ్రహమే అక్కర్లేదు. దారపు ఉండ చాలు.

వీపు వెనక చిన్న దారపు ఉండ అంటిస్తాం. దారం కొనను తుమ్మచెట్టుకు కడతాం. తాబేలు నడుస్తుంటే దారం విడిపోతూ ఉంటుంది. మర్నాడు ఆ దారం పట్టుకుని పోతే ఏ పొద కింద ఆగింది, ఎక్కడ వెనక్కి తిరిగింది, ఏ గడ్డి కొరికింది అన్నీ కనపడతాయి. ఒకసారి బలుసు పొదలో అడుగు తేడాలో ఏడు చుట్లు తిరిగి ఉంది దారం. రాత్రంతా అక్కడే చోటు సర్దుకుందన్నమాట. ఎక్కువ రోజులకైతే రేడియో పరికరం. దాని బరువు తాబేలు బరువులో నూటికి ఐదు వంతులు దాటకూడదు. జిగురు ఒకే పెంకు మీద ఉండాలి, రెండు పెంకుల మధ్య గీతను కప్పకూడదు. పెంకు పెరిగేది ఆ గీత దగ్గరే. కప్పితే వంకరగా పెరుగుతుంది.

"అడవిలో వదిలేశాం" అన్న మాటతో నాకూ పేచీయే. పట్టుబడిన తాబేళ్లు ఏ ప్రాంతానివో తెలియకుండా ఎక్కడో వదిలితే రెండు కష్టాలు. రోగాలు మోసుకుపోతాయి. పైగా వాయవ్య భారతం తాబేళ్లూ దక్షిణాది తాబేళ్లూ జన్యుపరంగా వేరు, కలగలిసిపోతాయి. వదిలిన తాబేలు ఆ చోట ఉండదు కూడా, ఇల్లు వెతుక్కుంటూ పోయి రోడ్డెక్కుతుంది. అందుకే కొన్ని నెలలు అదే నేల మీద కంచె లోపల ఉంచి, తర్వాత కంచె తీసేయాలి. 2019లో ఈ తాబేలుకు వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందంలో (సైటీస్) అత్యున్నత రక్షణ ఇచ్చారు. అయినా సంచుల్లో, సూట్‌కేసుల్లో పోతూనే ఉన్నాయి. దొరికినవాటిని ఏం చేశామన్న లెక్క మన దగ్గర ఉండాలి.

మన నేలకు ఈ విద్య కొత్త కాదు. కలివికోడి అనే అరుదైన పిట్ట 1900లో అనంతపురం ప్రాంతంలో కనపడి, తర్వాత జాడ లేకుండా పోయి, మళ్లీ 1986 జనవరిలో కడప జిల్లాలోనే కదా దొరికింది. ఆ తర్వాత లంకమల పొదల్లో దాన్ని వెతికినవారు నేల మీద మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే అడుగుల గుర్తులు చూసేవారు. మూడు వేళ్ల అచ్చు, వెనక వేలు ఉండదు. పిట్ట కనపడకపోయినా ఆ అచ్చు చాలు.

కళ్యాణదుర్గం మెట్ట, మార్చి 24, ఉదయం 6:10

పాలకొండ తమ్ముడూ, నేను అప్పజెప్పిన మూడింటికీ గుర్తు పెట్టి ఉంటే ఇప్పుడైనా పోల్చగలమా? ఏ గుర్తు నిలుస్తుంది?

పాలకొండ, మార్చి 24, ఉదయం 8:25

పెంకు అంచు పలకల్లో ఆకురాయితో చిన్న గాట్లు పెడతారు అన్నా. ఏ పలకకు గాటు ఉంటే ఏ అంకె అని లెక్క ఉంటుంది. పెద్ద తాబేలుకు ఏళ్ల తరబడి నిలుస్తుంది. కానీ మనం పెట్టకూడదు, అనుమతి ఉన్నవారే పెట్టాలి. మీరు చేయగలిగింది ఒకటుంది: అప్పజెప్పే ముందు పైనుంచి, కింద నుంచి ఫొటో తీసుకోండి. ఆ పసుపు గీతలు ఏ రెండు తాబేళ్లకూ ఒకేలా ఉండవు.

కళ్యాణదుర్గం మెట్ట, మార్చి 24, ఉదయం 8:40

చిన్నదాని ఫొటో ఒకటి ఉంది. మా మనవరాలు తీసింది. దాచిపెడతాను.

చిత్రావతి, ఏప్రిల్ 13, రాత్రి 8:50

అందరికీ ఒక కబురు. కేంద్రంవారు ఉత్తరం రాశారు. ఆర్క్నీలో గంగమ్మ ఉండే అఖాతం పక్కదానిలో తీరం వెంట నడిచేవారొకరు దూరం నుంచి సీళ్ల ఫొటో తీశారట. ఒక చిన్న సీల్ వెనక కాలి పొరకు నారింజరంగు బిళ్ల ఉంది. పెద్దది చేసి చూస్తే చివరి రెండు అంకెలు 4, 7. మొదటి అంకె మీద పాచి పట్టింది. గంగమ్మ బిళ్ల 247. కానీ అంతకు ముందటి ఏడు వదిలినవాటిలో 147 కూడా ఉందట.

ఫొటో అమ్మకు చూపించాను. ఒళ్లు నిండుగా, బండ మీద పక్కకు వాలి పడుకుని ఉంది. అమ్మ చాలాసేపు చూసింది.

బురుజు నీడ, ఏప్రిల్ 13, రాత్రి 11:20

ఉత్తరం సంగతి నాకూ చెప్పారు. మెడ వెనక భాగం కనపడి ఉంటే తేలిపోయేది. పరికరం ఊడిన చోట బొచ్చు చదరంగా ఊడి ఉంటుంది, 147కు పరికరం పెట్టలేదు. ఈ ఫొటోలో మెడ అవతలికి తిరిగి ఉంది.

ఇంకో దారి ఉంది. హార్బర్ సీల్ ఒంటి మీది మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, వాటితోనే ఒక్కొక్కదాన్ని గుర్తుపడతారు. అయితే ఎడమ పక్క మచ్చలు వేరు, కుడి పక్క మచ్చలు వేరు. ఈ ఫొటోలో కుడి పక్క పడింది. గంగమ్మను వదిలిన రోజు తీసినవన్నీ ఎడమ పక్కవే. ఆసుపత్రిలో చేర్చిన రోజు ఫొటోలు పాత కాగితాల్లో ఉండాలి. ఆదివారం అక్కడికి వెళ్తున్నాను, వెతుకుతాను. అందాకా నా పుస్తకంలో "బహుశా" అనే రాసుకున్నాను.

చిత్రావతి, ఏప్రిల్ 14, ఉదయం 6:30

అమ్మకు మీరు రాసినది చదివి వినిపించాను. "బహుశా" అంటే ఎంత అని అడిగింది. ఇంకా తెలియదమ్మా అన్నాను. "సరే, ఆదివారం దాకా ఆగుదాం" అంది.

కళ్యాణదుర్గం మెట్ట, ఏప్రిల్ 14, ఉదయం 7:05

ఏమి తేలినా ఇక్కడ రాయండి అమ్మా. పొలంలో ఉన్నా ఫోను చూస్తాను.